విశ్వేశ్వరయ్యగారును వంతెనల యుక్కును

తుని పట్టణము విశాఖపట్టణమునకును రాజమహేంద్రవరమునకును రమారమి నడుమ నున్నది. ఇటు నూఱు కిలోమీటర్లు పోయినచో ఉక్కు కాచెడి యూరు. అటు నూఱు కిలోమీటర్లు పోయినచో గోదావరిపై ఉక్కు వంతెనలు గల యూరు. తాండవనది కీవల తుని, ఆవల పాయకరావుపేట. చెన్నపట్టణమునుండి కలకత్తాకు బోవు రాజమార్గమును రైలుదారియు రెండును ఈ ప్రాంతము మీదుగనే సాగుచున్నవి. తమలపాకుల కట్టలు, మామిడిపండ్లు, ధాన్యము ఈ దారిని దూరప్రాంతములకు బంపు మన రైతులును వర్తకులును, వరద వచ్చినప్పుడు వంతెన నిలుచునా యని యడుగుదురు గాని, అది యెట్టి యుక్కుతో కట్టబడినదని యడుగుట మేము విని యెఱుగము. వంతెన యాయుర్దాయము మాత్రము ఆ రెండవ ప్రశ్నలోనే యున్నది.

రాజమహేంద్రవరము కడ గోదావరిపై హేవలాకు వంతెన 1900 సంవత్సరమున నడకకు వచ్చెను. ఒక్కొక్కటి 150 అడుగుల పొడవు గల 56 అంకణములతో కట్టబడిన యా వంతెన మీద 1997 వఱకు రైళ్లు నడచినవి. అది కట్టునాటికి వంతెనలకు దగిన యుక్కును విరివిగా కాచు కర్మాగారము మన దేశమున లేదు. జంషెడ్పురమున టాటావారి కొలుములనుండి తొలి యుక్కు వెలువడినది 1912 లో. అంతకు ముందు వంతెన కావలెనన్న సీమనుండి ఓడల కొఱకు ఎదురుచూడవలసినదే. 1974 లో అదే నదిపై రోడ్డును రైలును గూడ మోయు రెండవ వంతెన నడకకు వచ్చునాటికి దేశమే తన యుక్కును తాను చేసికొనుచుండెను. ఈ డెబ్బది నాలుగేండ్ల నడుమ జరిగిన మార్పునకు తోడ్పడిన పెద్దలలో మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారొకరు. ఆనకట్టల నిర్మాతగా వారిని బడిపిల్లలు సయితము ఎఱుగుదురు. ఉక్కుతోడి వారి సంబంధము మాత్రము తగినంతగా చెప్పబడలేదు. అదియే నేడు మా ప్రస్తావన.

వారి యింటిపేరు మన గ్రామము పేరు. మోక్షగుండమునుండి వారి పూర్వులు మైసూరు సీమకు తరలిపోయిరి. నందికొండల చేరువనున్న ముద్దేనహళ్లిలో శ్రీనివాసశాస్త్రి, వేంకటలక్ష్మమ్మ యను దంపతులకు విశ్వేశ్వరయ్యగారు జన్మించిరి. జన్మసంవత్సరము 1860 అని కొందఱు, 1861 అని కొందఱు వ్రాయుదురు. దినము సెప్టెంబరు 15. బాల్యముననే తండ్రి గతించెను. బెంగుళూరున ఒక కలవారి యింట పిల్లలకు పాఠములు చెప్పుచు కళాశాలలో చదివిరి. మైసూరు ప్రభుత్వ విద్యార్థివేతనముతో పూనాకు బోయి, 1883 లో ఇంజనీరింగు పరీక్షయందు బొంబాయి రాజధానికెల్ల ప్రథములుగా నుత్తీర్ణులైరి. మఱుసటి యేట బొంబాయి మరామతు శాఖలో చేరిరి.

ఆ కొలువున వారు చేసిన పనులలో మేమొక్కదానిని మాత్రమే పేర్కొందుము. ఏలయన అది ఇనుమునకు సంబంధించినది. పూనా చెంతనున్న ఖడక్వాస్లా చెఱువు కట్ట మీద 1903 లో వారు తాము కల్పించిన తలుపులను బిగించిరి. నీరు ఒక మట్టమునకు చేరువఱకు ఆ తలుపులు మూసికొని యుండును. ఆ మట్టము దాటగానే ఎవ్వరి చేయియు తగులకయే తెఱచికొని, వెల్లువ పోయిన పిమ్మట మఱల మూసికొనును. కట్టను ఎత్తు చేయకయే చెఱువున అడుగుల కొలది నీరు హెచ్చుగా నిలిచెను. పని చాల వఱకు సాగినది త్రాసువంటి యమరిక వలన. ఈ కల్పనకు హక్కుపత్రము వారిదైనను, ప్రభుత్వపు కొలువులో నుండి చేసిన పనికి ప్రతిఫలము గొనుట తగదని దానిపై రుసుము తీసికొనలేదు. ఒక లోహపు తలుపు ఎంత బరువు నోర్చును, ఏ కీలు వద్ద అరుగును, దానిని ఏటేట ఎవరు చూడవలెను అను ప్రశ్నలు వారికి అప్పటినుండియే పట్టుబడినవని యీ పని చూచినవారికి దోచును.

1908 లో వారు కొలువును తామై విడిచిరి. ఆ యేటి సెప్టెంబరు 28 వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమున వేలకొలది జనమును పొట్టన బెట్టుకొనెను. నిజాము ప్రభుత్వము వారిని పిలిపించగా, నగరమునకు ఎగువను రెండు జలాశయములు కట్టవలెనని వారు సూచించిరి. ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము ఆ సూచనకు ఫలములు. తెలుగువారికి ఈ కథ తెలిసినదే గనుక యింతటితో విడిచెదము. 1909 లో మైసూరు సంస్థానపు చీఫ్ ఇంజనీరు, 1912 లో దివాను. కన్నంబాడి ఆనకట్ట, మైసూరు బ్యాంకు, విశ్వవిద్యాలయము అన్నియు ఆ కాలమున ఆరంభమైనవే. వెనుకబడిన కులములవారికి ప్రభుత్వోద్యోగములలో ప్రత్యేక స్థానములు కేటాయించు విషయమున మహారాజుగారితో అభిప్రాయభేదము వచ్చి, 1918 చివర దివాన్‌గిరి వదలుకొనిరి. ఆ వివాదమున మహారాజుగారి పక్షమే న్యాయమని నేడు తలచువారు పెక్కుమంది. మాకును అట్లే తోచుచున్నది. వారిని మెచ్చుకొనుటకు వారి ప్రతి నిర్ణయమును మెచ్చుకొననక్కఱలేదు.

ఇక భద్రావతి. బాబాబూదన్ కొండలలో మేలైన యినుపరాయి యుండెను; చుట్టును దట్టమైన యడవి యుండెను; రాక్షసిబొగ్గు మాత్రము ఎక్కడను లేదు. బొగ్గు లేనిచోట ఇనుము కరగించుట యవివేకమని యనేకులు వాదించిరి. దివానుగా నున్నప్పుడే విశ్వేశ్వరయ్యగారు దీనికి మఱియొక త్రోవ నాలోచించిరి. అడవికట్టెను మూసిన బట్టీలలో కాల్చి కట్టెబొగ్గు చేయుట, ఆ కాల్పున వచ్చు ఆవిరిని వ్యర్థము చేయక దానినుండి సారాయి, తారు మొదలగు సరకులు తీయుట, ఆ బొగ్గుతో ఇనుపరాయిని కరగించుట వారి పథకము. 1923 జనవరిలో కొలిమి వెలిగెను. అప్పటికే యుద్ధకాలపు గిరాకి పోయి ఇనుము ధర కూలిపోయినది. అంచనాకు మించి వ్యయమైనది. ఇది సంస్థానము మెడకు కట్టిన గుదిబండ యని మైసూరు పౌరులు, శాసనసభ్యులు మొఱపెట్టిరి. మూసివేయుటయో, నడుపుటయో తేల్చవలసిన సమయమున ప్రభుత్వము వారినే పాలకవర్గమున కధ్యక్షులుగా రమ్మనెను. వారు ఒప్పుకొని 1929 వఱకు ఆ భారమును మోసిరి.

అక్కడ వారు చేసిన పని కవిత్వమునకు లొంగునది కాదు. టన్ను ఇనుమునకు ఎంత బొగ్గు, ఎంత రాయి, ఎంత కూలి అని దినదినమును లెక్క వ్రాయించిరి. అనవసరపు వ్యయమును త్రుంచిరి. స్వదేశపు యువకులను తర్ఫీదు చేసి బాధ్యతల నొప్పగించిరి. రైలుబండిలో కూర్చుండి పట్టాలు విఱిగిన చప్పుడు విని బండి నాపించిరని వారిని గూర్చి పిల్లలకు చెప్పు కథ యొకటి కలదు. ఆ కథకంటె భద్రావతి లెక్కపుస్తకములే వారి మహిమను చక్కగా చెప్పునని మా యభిప్రాయము. తమకు రావలసిన ప్రతిఫలమును సయితము వారు స్వయముగా పుచ్చుకొనక, పనిముట్లు పట్టుట నేర్పు విద్యాలయమునకు వినియోగించుమనిరి. బెంగుళూరున 1943 లో ఏర్పడిన జయచామరాజేంద్ర వృత్తివిద్యాలయము అట్లు పుట్టినదే.

ఈ భద్రావతి యినుమున ఒక విశేషమున్నది. మన ప్రస్తావనకు అదియే మూలము. రాక్షసిబొగ్గులో గంధకముండును, అది కరగుచున్న యినుములోనికి దిగును. కట్టెబొగ్గులో గంధకము అత్యల్పము. కావున కట్టెబొగ్గుతో చేసిన దుక్క యినుము శుద్ధమైనది. ధర హెచ్చైనను, అమెరికావఱకు దానిని కొనువారుండిరి. గంధకము వలన హాని యేమని పాఠకులు అడుగవచ్చును. ఉక్కులో మిగిలిన గంధకము మాంగనీసుతో కలిసి సన్నని పలుకులగును. ఎఱ్ఱగా కాగిన యుక్కును రోలర్ల నడుమ వత్తి పలక చేయునప్పుడు ఆ పలుకులు సాగి, పిండివంటలో పొరలవలె లోపల పరచుకొనును. పలకను పొడవునకు లాగినచో బలము తగ్గదు. మందము దిక్కునకు లాగినచో ఆ పొరల వెంట చీలును. వంతెన గర్డరులో ఒక పలకకు మఱియొక పలకను నిలువుగా అతికినచోట లాగుడు ఆ దిక్కునకే వచ్చును. పైకి నున్నగా కానవచ్చు ఉక్కు లోపల విచ్చిపోవుట యిట్లు. అడవులను ఆహుతి గొన్న పద్ధతి గనుక భద్రావతి మార్గము శాశ్వతము కానేరదు. దానిని నేడు ఆదర్శముగా చూపుట మా యుద్దేశము కాదు. ఉక్కు కాచుట అక్కడ 1930 దశకపు నడుమ గాని ఆరంభము కాలేదు, అప్పటికి వారు తప్పుకొనిరి. కాని టన్నుల లెక్కకంటె గుణము ముఖ్యమను మాటను నష్టముల నడుమ నిలిచి సాగించిన కర్మాగారము మన దేశమున అది. ఆ పిమ్మట అది వారి పేరనే పిలువబడి, 1989 లో కేంద్రప్రభుత్వపు ఉక్కు సంస్థ చేతికి వచ్చెను.

1927 నుండి 1955 వఱకు విశ్వేశ్వరయ్యగారు టాటా ఇనుము ఉక్కు కంపెనీ డైరెక్టర్లలో ఒకరుగా నుండిరి. ఆ కాలముననే హౌరా వంతెన కట్టబడినది. తునిలో రైలెక్కి కలకత్తాకు పోయిన మనవారు హౌరా స్టేషనులో దిగి బయటికి రాగానే కానవచ్చునది యది. 1936 లో పని యారంభమై 1943 ఫిబ్రవరిలో రాకపోకలకు తెఱువబడెను. నదిలో ఒక్క స్తంభమైనను లేక నడుమ 1500 అడుగుల అంకణము. పట్టిన యుక్కు 26,500 టన్నులు. ఉక్కు సీమనుండి తెప్పింపవలెనని తలపెట్టిరి గాని యుద్ధము వచ్చి అక్కడి యుక్కు యుద్ధమునకే చాలకపోయెను. అందు 23,000 టన్నులు టాటావారు చేసి యిచ్చిరి. అది సామాన్యపు ఉక్కు కాదు. టిస్క్రామ్ అను పేర వారు తయారుచేసిన అధికబలము గల మిశ్రమము. పేరులోనే క్రోమియము సూచన కలదు. కలకత్తా కర్మశాలలలోనే భాగములను కోసి, తొలిచి, రివిట్టులతో కూర్చిరి. ఆ యుక్కును విశ్వేశ్వరయ్యగారు చేసిరని మేము చెప్పము. అది అక్కడి లోహశాస్త్రవేత్తలదియు పనివారిదియు. కాని భద్రావతిలో నిందలు పడిన పెద్దమనిషి, మేలైన యుక్కు మన దేశమున కాచబడుట సాధ్యమని ఆ సభలో కూర్చుండి చూడగలిగిరి. అది చిన్న తృప్తి కాదు.

హౌరాలో వాడిన యుక్కునకు నేటి వారసులున్నవి. 1990 దశకమున అమెరికాలో రహదారుల శాఖ, నౌకాదళము, ఉక్కు పరిశ్రమ కలిసి వంతెనల కొఱకే ఒక జాతి యుక్కును రూపొందించిరి. దానితో తొలి వంతెన నెబ్రాస్కాలో 1997 లో తెఱువబడెను. సామాన్యపు ఉక్కు చదరపు మిల్లీమీటరునకు 250 న్యూటనుల లాగుడు వఱకు సాగి మఱల యథాస్థితికి వచ్చును. ఇది 485 వఱకు ఓర్చును. అనగా అదే లాగుడును మోయుటకు రమారమి సగము మందము చాలును. స్తంభముల బరువు తగ్గును, బండ్లపై తెచ్చుట సులభమగును. కాని దీని యసలు గొప్ప యీ బలమున లేదు. పూర్వపు అధికబల ఉక్కులు కర్బనము హెచ్చుగా నుండుటచే వెల్డింగు చేసినచోట పెళుసై పగిలెడివి. అతుకునకు ముందు పలకను చాల వేడిచేయవలసి వచ్చెడిది. దీనిలో కర్బనము నూటికి 0.11 పాలు మించరాదు, గంధకము 0.006 పాలు మించరాదు. భద్రావతిలో కట్టెబొగ్గు వలన దొరికిన శుద్ధిని ఇక్కడ కొలిమి నేర్పుతో సాధించిరి. చలిలో సయితము ఈ యుక్కు దెబ్బకు చటుక్కున విఱుగక సాగును.

ఇట్టి యుక్కు దొరికినంత మాత్రమున అన్నియు కుదిరినట్లు తలంచు కంట్రాక్టర్లును అధికారులును గలరు. వారికి మూడు మాటలు చెప్పవలసి యున్నది. బలము రెట్టింపైనను ఉక్కు యొక్క వంగుడు స్వభావము మాఱదు. పలుచని గర్డరు విఱుగకపోవచ్చును గాని లారీ క్రింద హెచ్చుగా ఊగును. కావున అంకణమునకు దగిన లోతును తగ్గించరాదు. రెండవది అలసట. దినమునకు వేలకొలది బండ్లు పోవు రాజమార్గమున పగులు పుట్టునది వెల్డింగు అతుకుల మూలలలో. అక్కడ ఉక్కు జాతి యెంత మేలైనదైనను, అతుకు రూపము చెడినచో లాభము లేదు. అందువలన తెలిసినవారు ఒకే గర్డరులో స్తంభముల మీది పై, క్రింది పట్టెలకు మేలి యుక్కును, నిలువు పలకకు సామాన్యపు ఉక్కును వాడుదురు. మూడవది మన తీరమునకు ప్రత్యేకించి పట్టునది. ఈ జాతి యుక్కులలో రాగి, క్రోమియము, నికెలు చేరుటచే తొలుత పట్టిన తుప్పే గట్టి పొరయై లోపలి యుక్కును కాపాడును. రంగు వేయనక్కఱ లేదందురు. ఇది ఎండయు వానయు మార్చి మార్చి తగులు ఉప్పులేని గాలిలో నిజము. సముద్రపు ఉప్పుగాలిలో ఆ పొర నిలువదు, తుప్పు లోపలికి తొలుచుకొని పోవును. ఉప్పాడ తీరమున, కాకినాడ చెంత, ఆ వైపున కట్టు వంతెనలకు రంగు మానుట పొదుపు కాదు, అప్పు.

ఇవియన్నియు కర్మశాలలో తేలవలసిన సంగతులు. వెల్డింగు కడ్డీలు తేమ పట్టక ఆరియున్నవా, అతుకు లోపల పగులు గలదేమో ధ్వనితరంగములతో చూచిరా, పలకకు తెచ్చిన పరీక్షపత్రము ఆ పలకదేనా అని యడుగువారుండవలెను. బ్రహ్మపుత్రపై 2018 లో తెఱువబడిన బోగీబీలు వంతెన, రమారమి 5 కిలోమీటర్లు, మన దేశమున పూర్తిగా వెల్డింగుతో కూర్చిన ఉక్కు వంతెనలలో మొదటిదిగా పేరొందినది. అది నిలిచినది ఇట్టి ప్రశ్నల మీదనే. మన జిల్లాలలో మాత్రము ఎవ్వరు తక్కువకు పాడిరో వారిదే పని యగుచున్నది. టన్ను ధర చూచి పని నిచ్చువారు, ఏబది యేండ్ల రంగు, మరమ్మతు, మూసివేసిన దారిలో నిలిచిన బండ్ల నష్టము కలిపి లెక్క చూచుట లేదు. వరి కోతల వేళ వంతెన మూసిన ఊరి రైతునకు ఆ లెక్క ఎవ్వరును చెప్పనక్కఱ లేదు. భద్రావతిలో దినదినపు లెక్క వ్రాయించిన విశ్వేశ్వరయ్యగారి పద్ధతి మన పంచాయతీరాజ్, రహదారుల శాఖలకు ఉక్కుకంటె ముందు కావలసినది.

వారి తుదిదినములలోని వంతెన కథ యొకటి మిగిలినది. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట బీహారులో గంగపై రోడ్డును రైలును మోయు వంతెన కట్టవలెనను నిశ్చయమయ్యెను. అంతవఱకు ఆ రాష్ట్రపు ఉత్తరభాగమును దక్షిణభాగమును పడవలే కలుపుచుండెను. ఎక్కడ కట్టవలెనని తగవు వచ్చెను. ప్రతి పట్టణమువారును తమ చెంతనే యనిరి. ఏ పక్షమునకును చెందని నిర్ణేత కావలసి, తొంబది యేండ్లు దాటిన విశ్వేశ్వరయ్యగారిని ఆశ్రయించిరి. వారు పోయి నదిని చూచి, మోకామా చెంత స్థలము నిర్ణయించిరి. గంగవంటి నది తన గట్టులను తానే కోసికొనుచు ఏటేట దారి మార్చును. నేడు నీటి నడుమ నిలిచిన స్తంభము రేపు ఇసుకదిబ్బ మీద నుండవచ్చును, వంతెన చివర మఱియొక పాయ పుట్టవచ్చును. మన గోదావరి లంకల రైతులకు ఇది క్రొత్త సంగతి కాదు. కావున ఎంత మేలి యుక్కైనను, నది కట్టుబడి పాఱు చోటు దొరకినప్పుడే దానికి పని.

1956 లో బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. 1959 మే నెలలో నెహ్రూగారు వంతెనను తెఱచిరి. పొడవు రమారమి 2 కిలోమీటర్లు. దానికి రాజేంద్రసేతువని పేరు. స్థలము నిర్ణయించిన వృద్ధునకు 1955 లోనే భారతరత్న బిరుదము లభించి యుండెను. 1960 లో శతజయంతి ఉత్సవములు ఆయన కన్నుల యెదుటనే జరిగి, ఆయన బొమ్మతో తపాలాబిళ్ల వెలువడినది. 1962 ఏప్రిలులో వారు బెంగుళూరున కాలధర్మము నొందిరి. దహనము స్వగ్రామమైన ముద్దేనహళ్లిలో జరిగినది.